మోచేతి ఎత్తు

పాస్టరు అయ్యగారు పోయిన నలభై మూడో రోజున చర్చి సంఘ కార్యదర్శి వచ్చి ముందుగదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయనకు బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూడటమే ఆయన వృత్తి. ఆ రోజు మాత్రం ఆయన చూపు అయ్యగారి భార్య అమ్మగారి మొహం మీద నిలవలేదు. నేల మీద, కిటికీ మీద, స్టూలు మీద గోడకు చేరేసిన గడియారం మీద తిరిగి తిరిగి, చివరికి తన చేతిలోని కవరు మీద ఆగింది.

"అమ్మగారూ, మొన్న కమిటీలో మాట్లాడుకున్నాం. ఎవరికీ ఇష్టమై కాదు..."

"కొత్త అయ్యగారు ఎప్పుడొస్తున్నారు?" అంది ఆమె.

ఆమే అడిగేసరికి ఆయనకు పెద్ద బరువు దిగినట్టయింది. "నెలాఖరుకండీ. మీకు ఇంకో పదిహేను రోజులు కావాలంటే చెప్పండి, నేను మాట్లాడతాను."

"వద్దండి. వాళ్లకీ సామాను ఉంటుందిగా."

ఆయన టీ తాగి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, వెళ్లిపోయాడు. ఆమె కవరు విప్పింది. ప్రభువునందు ప్రియమైన సహోదరికి అని మొదలై, మిక్కిలి దుఃఖముతో అని సాగి, నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చేయగలరని ముగిసింది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఉత్తరం మడిచి చక్కెర డబ్బా కింద పెట్టి, ఆయన తాగిన కప్పు కడిగింది. కడుగుతూ లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏమీ కదల్లేదు.

పన్ను పీకే ముందు డాక్టరు చిగురుకి సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో, ఆమె అలా ఉంది. చేత్తో తడిమితే చెంప ఉందని చేతికి తెలుస్తుంది. చెయ్యి ఉందని చెంపకు తెలియదు. నలభై మూడు రోజులుగా అదే తీరు.

అయ్యగారు పోయింది గురువారం ఉదయం. ఆసుపత్రిలో ఎవరినో చూడటానికి బయల్దేరుతూ, మంచం అంచున కూర్చుని ఒక బూటు తొడుక్కున్నారు. రెండోది చేతిలో పట్టుకుని "ఇందులో ఏదో..." అన్నారు. రాయి ఏదో పడిందనుకుని ఆమె వంటింట్లోంచి "దులపండి" అంది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయనతో ఆమె అన్న ఆఖరి మాట అది. చేతులు తుడుచుకుని వచ్చి చూసేసరికి ఆయన పక్కకు ఒరిగి ఉన్నారు. బూటు కింద పడలేదు, ఒళ్లోనే ఉంది.

భూస్థాపన రోజున జనం మందిరంలో పట్టక వీధిలో నిలబడ్డారు. ఆడవాళ్లు ఆమెను పట్టుకుని భోరున ఏడ్చారు. ఆమె వాళ్ల వీపులు నిమిరింది. "ఎంత విశ్వాసం చూడండి, ఒక్క చుక్క రాలలేదు" అని ఎవరో అనడం చెవిన పడింది. విశ్వాసం కాదమ్మా అని చెప్పాలనిపించింది. మరేమిటో చెప్పడం చేతగాక ఊరుకుంది.

వాళ్లుండే సంఘం ఇల్లు మందిరం వెనక గోడకు ఆనుకుని కట్టింది. రెండు గదులు, ఒక వంటిల్లు. ఇరవై ఆరేళ్లు అందులో ఉన్నారు. అన్నేళ్లలో అయ్యగారు గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. "మనది కాని గోడకి చిల్లు పెట్టే హక్కు మనకెక్కడిది?" అనేవారు. అందుకే గడియారం స్టూలెక్కింది, పెళ్లి ఫోటో బీరువా ఎక్కింది, క్యాలెండరు కుర్చీ వీపున వేలాడింది.

ప్రసంగాల్లోనూ ఆయనది అదే మాట. ఈ లోకం అద్దె కొంప, సామాను తక్కువ పెట్టుకోండి, యజమాని కబురంపితే తాళంచెవి ఇచ్చి లేవాలి, మన సొంతిల్లు పైన ఉంది. ఆ మాట ఎన్నో నిమిషంలో వస్తుందోనని వెనక బల్లల మీద కుర్రకారు పందాలు వేసుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒక్కో ఆదివారం కావాలనే చివరిదాకా లాగి, అందరూ ఆశ వదులుకున్నాక, ముగింపు ప్రార్థనకు లేచే ముందు అనేవారు. అని, వెనక బల్లల వైపు ఒక చూపు చూసేవారు.

కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకసారి ఆమె అడిగింది, ఎప్పటికైనా మనకంటూ ఒక గది వేసుకోవద్దా అని. "అక్కడ ఉందిగా" అన్నారాయన. ఆమె మళ్లీ అడగలేదు.

శనివారం చెల్లెలు వచ్చింది. ఆమె బడిలో లెక్కల టీచరు. అట్టపెట్టెలు, టేపు చుట్టలు, నల్ల మార్కరు వెంట తెచ్చుకుంది. వస్తూనే చీర కొంగు నడుముకు దోపి గది మధ్యలో నిలబడింది.

"మూడు కుప్పలక్కా. తీసుకెళ్లేవి, ఇచ్చేసేవి, పారేసేవి. మధ్యలో ఏదో ఒకటి పట్టుకుని కూలబడి ఆలోచించడాలు లేవు."

"సరే."

"ప్రతిదానికీ అలా సరే అనకు. నాకు భయమేస్తోంది."

"సరే."

చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయింది. ఆమె వేళాకోళానికి అనలేదు.

ఉండటానికి కార్యదర్శి రెండు వీధుల అవతల ఒక గది చూశాడు. కింద సైకిళ్లు బాగుచేసే దుకాణం, పైన గది. మా ఇంటికి వచ్చెయ్యరాదా అని చెల్లెలు మూడుసార్లు అడిగింది. "నీ కోడలు కాపురానికొచ్చి నాలుగు నెలలు కాలేదు. ఆ పిల్లకి ఒక అత్త చాలు" అంది అమ్మగారు. ఆ మాటలో న్యాయం ఉంది గనుక చెల్లెలు రెట్టించలేదు.

ఇచ్చేసే కుప్ప గంట గంటకూ పెరిగింది. తీసుకెళ్లే కుప్ప పెరగలేదు. అయ్యగారి చొక్కాలు ఐదు, కోటు ఒకటి, గొడుగు. ప్రసంగాలు రాసుకున్న నోటుపుస్తకాలు మాత్రం రెండు పెట్టెలైనాయి. "ఇవెవరికి?" అంది చెల్లెలు. "తెలీదు" అంది ఆమె. చెల్లెలు కాసేపు మార్కరు పట్టుకుని ఆలోచించి, పెట్టె మీద 'తెలీదు' అనే రాసింది.

సోమవారం కొత్త అయ్యగారు, ఆయన భార్య ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడతను. నడుస్తుంటే కొత్త బూట్లు కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడుకి తనకే సిగ్గేసి మునివేళ్ల మీద నడుస్తున్నాడు. కార్యదర్శి అతన్ని మందిరం చూపించడానికి తీసుకెళ్లాడు. అతని భార్య ఇంట్లో ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. అయిదో నెల.

అమ్మగారు ఆమెకు ఇల్లు చూపించింది. "ఈ కుళాయి కుడికి తిప్పితే ఆగదు. ఎడమకి తిప్పి, కొంచెం పైకి లాగు. ఈ కిటికీ గడియ పడదు, కాగితం మడిచి పెట్టుకోవాలి. ఆదివారం పొద్దున మందిరంలో హార్మోనియం మొదలైతే ఈ గోడలోంచి వినపడుతుంది. అప్పుడు స్టవ్వు ఆపి, కాళ్లు కడుక్కుని బయల్దేరినా మొదటి పాటకి అందుకుంటావు."

ఆ అమ్మాయి అన్నిటికీ తలూపింది. తర్వాత గోడలన్నీ ఒకసారి కలియచూసి, "మేకులు కొట్టుకోవచ్చా అమ్మగారూ?" అని అడిగింది.

వద్దనే జవాబు సిద్ధంగానే ఉంది, అదీ పోయిన అయ్యగారి గొంతులో. "కొట్టుకో" అంది అమ్మగారు. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

"మీరెక్కడా కొట్టలేదే?"

"మాకు అలవాటు లేదమ్మా."

ఆ అమ్మాయి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. "మిమ్మల్ని పంపించేసి మేం దిగుతున్నట్టుందండీ. నాకేం బాగాలేదు."

"నేనూ అలాగే దిగాను. నా ముందావిడ నువ్వు నిలబడ్డ చోటే నిలబడి నాకీ కుళాయే చూపించింది."

"ఆవిడ ఏడ్చారా?"

"బాగా ఏడ్చింది. నాకప్పుడు విసుగేసింది. ఎప్పుడు వెళ్తుందా, ఎప్పుడు సామాను సర్దుకుందామా అని."

నిజం చెప్పడం తప్ప అమ్మగారికి ఆ రోజుల్లో వేరే ఏదీ చేతనయ్యేది కాదు. మెత్తగా మాట్లాడాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి.

అటక పని మంగళవారం దాకా మిగిలిపోయింది. చెల్లెలు బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కి, పాత ట్రంకుపెట్టె వెనక నుంచి ఒక చుట్ట లాగింది. పురికొసతో కట్టిన కాగితాల చుట్ట. "పాత క్యాలెండర్లక్కా. పారేసే కుప్ప" అని కిందికి విసిరింది. పురికొస ఎప్పుడో చివికిపోయినట్టుంది, నేలను తాకగానే తెగింది. కాగితాలు విచ్చుకున్నాయి.

క్యాలెండరు కాగితాలే. వాటి తెల్లటి వీపుల మీద నీలం సిరాతో ఇళ్లు గీసి ఉన్నాయి.

బొమ్మలు కావవి, నక్షాలు. స్కేలు పెట్టి గీసిన గదులు, తలుపులు, కిటికీలు. పక్కన అయ్యగారి గుండ్రటి చేతిరాత. ఒక్కో కాగితం మూల సంవత్సరం వేసి ఉంది. చెల్లెలు స్టూలు దిగి వచ్చి లెక్కపెట్టింది. పంతొమ్మిది. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఒకదాంట్లో వరండా ముందుంది, ఒకదాంట్లో పక్కకు జరిగింది. ఒకదాంట్లో వంటింటి కిటికీ పక్కన 'పొద్దుటి ఎండ, చేతుల మీద పడాలి' అని రాసి ఉంది. పంతొమ్మిదింటిలోనూ మారనిది ఒక్కటే. వంటగట్టు దగ్గర బాణం గుర్తు వేసి, 'ఆమె మోచేతి ఎత్తు, ముప్పై అయిదున్నర అంగుళాలు' అని ఉంది.

సంఘం ఇంటి గట్టు ఎవరో పొడగరి కోసం కట్టింది. ఆమె పొట్టి మనిషి. అక్కడ నిలబడి తరగాలన్నా కలపాలన్నా భుజాలు పైకెత్తాలి. మొదటి ఏడాది ఒకే ఒక్కసారి, భుజం లాగుతోందండీ అంది. ఆయన ఒక చెక్క తెచ్చి కింద వేశారు. చెక్క మీద నిలబడటం అలవాటైంది, భుజం నొప్పీ అలవాటైంది. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకుంది.

తర్వాతెప్పుడో ఒక రోజు ఆయన టేపు పట్టుకుని వచ్చి మోచెయ్యి వంచి నిలబడమన్నారు. మందిరంలో ప్రసంగ పీఠం బాగు చేయిస్తున్నాం, కొలత కావాలన్నారు. ప్రసంగ పీఠానికి నా మోచెయ్యి ఎందుకని ఆమె అడగలేదు. స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయి.

ఆమె నేల మీద కూర్చుని కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. మొదటి ఆరింటిలో పెద్ద గది పక్కన చిన్న గది ఒకటి ఉంది. 'పిల్లలకు' అని రాసి ఉంది. ఏడోదాంట్లో గది అలాగే ఉంది, అందులో ఏమీ రాయలేదు. ఎనిమిదో కాగితం నుంచి అక్కడ 'కుట్టు మిషను' అని ఉంది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఇద్దరూ దాని గురించి ఎక్కువ మాట్లాడుకున్నదీ లేదు. ఏడో కాగితాన్ని ఆమె మిగతా వాటికంటే ఎక్కువసేపు చూసింది.

"అంటే బావగారికీ ఇల్లు కావాలని ఉందన్నమాట" అంది చెల్లెలు. "మరి ప్రతి ఆదివారం అందరికీ అలా... నిన్ను ఆ చెక్క మీద నిలబెట్టి..."

"ఊఁ."

"నీకు కోపం రావట్లేదా?"

"రావాలా?"

"నాకొస్తోంది."

"అయితే నా వాటా కోపం కూడా నువ్వే పడు" అంది అమ్మగారు. కాగితాలు చుట్టి, వేరే దారం వెతికి కట్టింది. కోపం రాలేదన్నది నిజమే. ఒక అనుమానం మాత్రం వచ్చి కూర్చుంది. కొందరు మగవాళ్లు తాగుడు దాచుకున్నట్టు ఈయన ఇల్లు దాచుకున్నారు. పైన ఉందని చెప్పిన ఇంటిని ఆయన నమ్మారా, లేక కింద కట్టలేక పైన పెట్టుకున్నారా?

బుధవారం మధ్యాహ్నం గుండీల మామ్మ కోడలు వచ్చింది. మామ్మ చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు గుండీలు కుట్టింది. సంఘంలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. రెండు నెలలుగా మంచం పట్టింది. అయ్యగారు ఆ గురువారం బయల్దేరింది ఆమెను చూడటానికేనని తర్వాత తెలిసింది. అప్పట్లో ఆసుపత్రిలో ఉండేది. ఇప్పుడు డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు.

"అయ్యగారి కోసం ఒకటే కలవరింత అమ్మగారూ" అంది కోడలు. "ఆయన పోయారత్తయ్యా అంటే, సరే గానీ ఎప్పుడొస్తారు అంటుంది."

"కొత్తాయన సోమవారం ఇక్కడికి వచ్చారుగా. మీ ఇంటికి తీసుకురాలేదా?"

"కార్యదర్శి గారు తీసుకొచ్చారండి. గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. పాపం, చెమటలు పట్టేశాయి ఆయనకి."

అమ్మగారు చేతిలో ఉన్న పళ్లెం కాగితంలో చుట్టడం పూర్తి చేసి, చెప్పులు వేసుకుంది. వెళ్లాలనీ లేదు, వద్దనీ లేదు. ఎవరైనా పిలిస్తే వెళ్లడం కాళ్లకు అలవాటు.

మామ్మ వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గదిలో కిటికీ పక్కన మంచం. కిటికీ గట్టు మీద గాజు సీసాల నిండా గుండీలు, రంగు రంగుకీ ఒక సీసా. మంచంలో మామ్మ దుప్పటి మడతలా ఉంది. కోడలు తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వెళ్లింది.

"ఎవరూ?" అంది మామ్మ.

"నేను మామ్మా, అమ్మగారిని."

"అయ్యగారు రాలేదా?"

"పోయారు మామ్మా."

మామ్మ కాసేపు కిటికీ వైపు చూసింది. ఆ రోజు ఆమె తెలివి బాగానే ఉంది. "ఔను, చెప్పారు" అంది. "నాకంటే ముందెళ్లడం ఏంటి ఆయన. వరస తప్పారు."

అమ్మగారు కుర్చీ లాక్కుని కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. సూది పట్టీ పట్టీ వేలి చివర కాయ కట్టిన చెయ్యి.

"ఒకటడుగుతాను, కోప్పడకు" అంది మామ్మ. "అక్కడ ఇల్లుందని ఆయన చెప్పేవాడు. నిజమేనా?"

"ఆయన చెప్పారుగా."

"ఆయన చెప్పడం వేరు. ఆయనకది ఉద్యోగం. నువ్వు చెప్పు."

వంటింట్లో కోడలు గిన్నె ఏదో దించిన చప్పుడైంది. ఇరవై ఆరేళ్లుగా ఇలాంటి గదుల్లో అమ్మగారు ఆయన వెనక నిలబడింది. ఆయన మాట్లాడితే ఆమె నీళ్ల గ్లాసు అందించేది, తలగడ సర్దేది. ఈ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు. ఔనని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. నోరు తెరిచింది గానీ ఆ మాట అలా రాలేదు.

"నాకు లోపలేమీ తెలియడం లేదు మామ్మా" అంది. "ఆయన పోయిన దగ్గర్నుంచీ రాయిలా ఉంది. ప్రార్థనకి కూర్చుంటే గోడతో మాట్లాడినట్టుంది. అబద్ధం చెప్పలేను నీకు."

"చెప్పకు."

"నిన్న మా అటక మీద కాగితాలు దొరికాయి. ఆయన నా కోసం ఇళ్లు గీశారు. పంతొమ్మిది."

"అయ్యగారా? అద్దె కొంప అయ్యగారా?"

"ఆయనే. ప్రతిదాంట్లో నా వంటగట్టు ఎత్తు రాసుకున్నారు. నా మోచేతికి కొలిచి. భుజం నొప్పని నేనెప్పుడో ఒక్కసారి అన్నాను. నేనే మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. కట్టడానికి చేతిలో ఏమీ లేదు ఆయనకి, అయినా కొలత దాచిపెట్టుకున్నారు."

మామ్మ వింటోంది. కళ్లు మూసుకున్నా వింటోందని చేతి పట్టు వల్ల తెలుస్తోంది.

"నాకు తెలిసింది ఇంతే మామ్మా. చేతిలో ఏమీ లేని మనిషే నా గురించి అంత గుర్తుపెట్టుకుంటే, అన్నీ చేతిలో ఉన్నవాడు, నీకు చోటు సిద్ధం చేస్తానని మాటిచ్చిన ప్రభువు, ముప్పై నాలుగేళ్లు నువ్వెక్కడ కూర్చుని కుట్టావో, నీకెక్కడ నొప్పో చూడకుండా ఉన్నాడా? చూశాడనే అనుకుంటున్నాను. నాకిప్పుడు అది తెలియట్లేదు గానీ, లేదని అనుకోలేకపోతున్నాను."

మామ్మ కళ్లు తెరవలేదు. నిద్రపోయిందేమో అనుకుంది అమ్మగారు.

"నాకు మెట్లు వద్దని చెప్పు" అంది మామ్మ.

"చెప్తాను."

"కింద గది చాలు. మోకాళ్లు అరిగిపోయాయి."

"చెప్తాను మామ్మా."

తర్వాత అమ్మగారు ప్రార్థన చేసింది. ఆమె గొంతుతో ఆ గదిలో ప్రార్థన జరగడం అదే మొదలు. మెట్లు వద్దన్న సంగతి కూడా చేర్చింది. మామ్మ ఆమెన్ గట్టిగా చెప్పింది. అమ్మగారికి ఒళ్లు వెచ్చబడలేదు, గుండె కరగలేదు. మాటలు మాత్రం తడబడకుండా వచ్చాయి.

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు మలుపులో ఆమెకొకటి తోచింది. ఇల్లే అక్కర్లేని మనిషి ఇంటి గురించి ఇరవై ఆరేళ్లు మాట్లాడలేడు. ఆయనకు కావాలి. చాలా కావాలి. ఇక్కడ దొరకదని తెలిసి, ఎవరూ ఖాళీ చేయించలేని, వాన తగలని చోట, పైన పెట్టుకున్నారు. అది నమ్మకం కాదని ఎలా అనడం? గోడ పట్టుకుని నిలబడి అంతా ఒకసారి అనుకుని, మిగిలిన మెట్లు దిగింది.

మామ్మ శనివారం మధ్యాహ్నం పోయింది. కొత్త అయ్యగారికి అదే మొదటి భూస్థాపన. ఇంకా సామాను కూడా రాకముందే అతన్ని రప్పించారు. సమాధి దగ్గర గాలి వీస్తోంది. వాక్యం చదువుతుండగా పేజీలు వాటంతటవే తిరిగిపోయాయి. అతను వెతుక్కుంటూ తడబడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి. పక్కన నిలబడ్డ అమ్మగారు, చుట్టుపక్కలవాళ్లకు వినపడనంత మెల్లగా, తర్వాతి మాట అందించింది. అతను అందుకుని చివరిదాకా చదివాడు.

నెలాఖరున వ్యాను వచ్చింది. రెండు వీధుల దూరానికి వ్యాను ఎందుకని అమ్మగారు అంటే, బీరువా నువ్వు నెత్తిన పెట్టుకుని నడుస్తావా అంది చెల్లెలు. సగం దారిలో వాన అందుకుంది. పైన కప్పిన పట్టా ఒక మూల ఎగిరిపోయింది. ఆ మూలనే కాగితాల చుట్ట ఉంది, నలగకూడదని చెల్లెలే అన్నిటికన్నా పైన పెట్టింది.

గదిలోకి చేరాక విప్పి చూస్తే నీలం సిరా అంతా కారిపోయింది. గోడలు తలుపుల్లోకి, తలుపులు కిటికీల్లోకి పారాయి. పంతొమ్మిదింటిలో పదహారు కాగితాలు లేత నీలం మరకలు. చెల్లెలు వాటిని నేల మీద పరిచి, తన పైటకొంగుతో అద్దుతూ ఏడ్చింది.

"నా వల్లే అక్కా. నేనే పైన పెట్టాను."

"పోనీలేవే" అంది అమ్మగారు. "కొలత నాకు గుర్తుంది."

సిరా కారని కాగితాలు మూడు దాచింది. మిగతావి మెత్తబడి చిరిగిపోతుంటే, కింద సైకిలు షాపాయనకు టీ పొయ్యిలో వేసుకోమని ఇచ్చేసింది. ప్రసంగాల పెట్టెలు మాత్రం, చెల్లెలు రాసిన మాటతో సహా, మంచం కింద చేరాయి.

రోజులు గడిచాయి. కింద రోజంతా చక్రాలు తిరిగే చప్పుడు, గాలి కొట్టే చప్పుడు. ఆదివారం మందిరంలో ఆమె మొదటి బల్ల వదిలి మధ్యలో ఎక్కడో కూర్చునేది. కొత్త అయ్యగారి ప్రసంగాలు పొట్టిగా ఉండేవి, మొదటి పది నిమిషాలు భయంతోనే గడిచేవి. చెల్లెలు ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేది.

"ఏడ్చావా?"

"ఇంకా లేదు."

"అక్కా, డాక్టరుకి చూపించుకుందామా?"

"ఏమని చెప్తాం? ఏడుపు రావట్లేదనా?"

"నవ్వు మాత్రం రప్పిస్తావు" అని చెల్లెలు ముక్కు చీదేది.

నెల తిరిగాక కార్యదర్శి మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె కళ్లలోకి చూశాడు. కొత్త అయ్యగారికి మంచం పట్టినవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదని, బుధవారాలు ఆమె తోడుగా వెళ్తే బాగుంటుందని కమిటీ తరఫున అడుగుతున్నానని చెప్పాడు. ఆమె ఒప్పుకుంది.

ఆ బుధవారం మూడింటికి కొత్త అయ్యగారు సైకిలు షాపు ముందు నిలబడి ఉన్నాడు. వెళ్లాల్సింది పక్షవాతం వచ్చిన ఒక డ్రైవరు ఇంటికి. ఇద్దరూ నీడ ఉన్న వైపు నడిచారు.

"అమ్మగారూ, ఒకటి అడగొచ్చా?" అన్నాడు. "అక్కడికెళ్లాక నాకు నోట మాట రాదు. నా లోపలే ఏమీ లేనట్టుంటుంది. వాళ్లకేం ఇవ్వగలను అనిపిస్తుంది. మీకు మాటలు ఎలా వస్తాయి?"

"నాకూ రావు" అంది ఆమె.

అతను ఆమె వైపు చూశాడు, పరాచికమేమోనని.

"నిజమే బాబూ. ఆయన పోయిన దగ్గర్నుంచీ లోపలేమీ లేదు. ఏదైనా ఉన్నప్పుడే వెళ్దామని కూర్చుంటే ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. ఈలోగా అవతలివాళ్లు ఆగరు. మనం చెప్పేది దేవుని మాట, మన దగ్గర పుట్టిన సంగతి కాదుగా. అది మనం ఎలా ఉన్నా అలాగే ఉంటుంది."

డ్రైవరు ఇంటి ముందు గుమ్మం తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద మనిషి ఒక పక్కకు తిరిగి గోడ చూస్తున్నాడు. కొత్త అయ్యగారు అలవాటు ప్రకారం గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బూట్లు విప్పు. ఆ కుర్చీ దగ్గరగా లాక్కో" అంది అమ్మగారు. "ముందు ఆయన పేరు పెట్టి పిలువు. తొందరేం లేదు."

ఆమె మంచానికి అటువైపు వెళ్లి, గోడకూ మంచానికీ మధ్య ఉన్న సందులో స్టూలు వేసుకుని, ఆ మనిషి చూపు పడే చోట కూర్చుంది.